నీళ్లకు మేనమామ

గంగారాం మామకు ఉన్నది ఒకటే పిచ్చి. నీళ్లకు చుట్టరికాలు కలుపుతాడు. బొంబాయి కామాఠిపురాలో ఒక్కో గదికి ఒక్కో కాపురం ఉండే మా చాల్‌లో పొద్దున్నే నల్లా వచ్చిందా, లైన్లో అందరినీ ఆపి మరీ మొదలుపెడతాడు.

"మామా, జరుగు. డ్యూటీకి పోవాలె."

"ఆగరా! నీళ్లు పెండ్లిపిల్ల. కరెంటు మేనమామ. పిల్లను బుట్టల కూసోబెట్టి మూడో అంతస్తుకు మోస్తుండు. ఆడ ముత్తమ్మ అత్తగారు. ఇడ్లీ మనవరాలు. ఇడ్లీని కూలీల నాకాకు తీస్కపోయే బంటీ టెంపో మనవరాలి మొగడు!"

"పెండ్లినాడే మనవరాలా మామా?"

"నీళ్లకు తొందరెక్కువ."

"మరి నువ్వేమైతవ్?"

"నీ బకెట్ నిండింది, తియ్యి ముందు."

ఎన్నిసార్లడిగినా ఇదే జవాబు. నవ్వుకునేవాళ్లం గానీ, నాకు మాత్రం లోపల అబ్బురంగా ఉండేది. ఎక్కడి చెరువులు! కొండల కింద సొరంగాలు దాటి మా ఇరుకు గల్లీని వెతుక్కుంటూ రావడమేమిటి, పైకెక్కి ఇడ్లీ అయ్యి టెంపో ఎక్కడమేమిటి! తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు ఝల్లుమంటుంది.

ఒకరోజు సరిగ్గా నల్లా వేళకు కరెంటు పోయింది. మోటరు ఆగింది. పైన ముత్తమ్మ దగ్గర పిండి పొంగి ఉంది, ఆవిరి పెట్టడానికి చుక్క నీళ్లు లేవు. మొగుడు పోయాక ఆ ఇడ్లీలే ఆమె బతుకు. మోకాళ్ల నొప్పులతో మెట్లు దిగలేని మనిషి. నాకాలో పని కోసం నిలబడే పాలమూరు కూలీలు ఆమె ఇడ్లీ తినే పనికెక్కుతారు.

"నేను ఆగను, లేటైతది," అని బంటీ టెంపో స్టార్ట్ చేశాడు.

"ఏం మొగడివిరా! మనవరాలిని ఇడిచిపెట్టి పోతవా?" అని గంగారాం మామ అడ్డం నిలబడ్డాడు. అందరూ గొల్లున నవ్వారు. బంటీ సిగ్గుపడి ఇంజన్ ఆపాడు.

మామ కూరగాయల బుట్ట తెచ్చాడు. అందులో నిండు బిందె పెట్టి నెత్తికెత్తుకున్నాడు. "పిల్లొస్తుంది, జరగండ్రి!" అంటూ మెట్లెక్కాడు. ఆ వయసులో! మేము నోళ్లు తెరుచుకు చూసి, తలో బిందె పట్టుకుని వెనకాలే ఎక్కాం. ఈ ఊళ్లో నా అన్నవాళ్లు లేని ముత్తమ్మ గుమ్మం ముందు చాల్ అంతా పెళ్లివారిలా నిలబడింది. వరసలు ఎవరి కోసం కలిపాడో నాకు అప్పుడు తెలిసింది.

ముత్తమ్మ కళ్లు తుడుచుకుని, తొలివాయి ఇడ్లీలు ఆయన ముందే పెట్టింది. "తిను అన్నా. మేనమామవు నువ్వే."

మామ మూతి ముడిచాడు. "అయితే చట్నీ ఏది? మేనమామకు గిదేనా మర్యాద?"