కొలవని నీళ్ళు

నీళ్ళ వేడి నేను కొలవలేదు. ఆ మాట చెప్పాల్సిన చోట చెప్పలేదు. నేను నోరు మూసుకోవడం వల్ల మరొకరు చదువు మానుకున్నారు. జరిగింది జరిగినట్టు ఇప్పుడు రాస్తున్నాను.

నేను యూనివర్సిటీలో రేడియేషన్ చికిత్స భౌతికశాస్త్రంలో పరిశోధకుణ్ణి. మా చోడవరం వైపు ఆ చికిత్సను ‘కరెంటు పెట్టడం’ అంటారు. కేన్సర్ గడ్డ మీద కిరణాలు ఎంత పడుతున్నాయో కొలవడం మా పని. మనిషి ఒళ్ళు చాలావరకు నీరే కాబట్టి, తొట్టిలో నీళ్ళు నింపి, లోపల కాస్త గాలి ఉండే చిన్న పరికరాన్ని అందులో ముంచి, మెషిన్ కింద పెడతాం. నీళ్ళు వేడిగా ఉంటే ఆ గాలి పలచబడి అంకె తగ్గి వస్తుంది. అందుకే ముందురోజే తొట్టి నింపి, నీళ్ళు గది చల్లదనానికి వచ్చాక, థర్మామీటరు నీళ్ళలోనే పెట్టి చూసి లెక్క సరిదిద్దాలి.

ఆసుపత్రి మెషిన్ మాకు ఆదివారాలు మాత్రమే దొరికేది. ఒక శనివారం తొట్టి నింపకుండానే ఇంటికి వచ్చేశాను. మర్నాడు చోడవరం నుంచి మొదటి బస్సుకు వెళ్ళి, మే నెల ఎండకు కాగిన మేడ మీది ట్యాంకు నీళ్ళు పట్టి, గంటలో పని ముగించాను. గోడకున్న థర్మామీటరు చూసి ఆ అంకెనే లాగ్‌బుక్‌లో రెండు చోట్లా రాశాను, గదికీ నీళ్ళకీ. అవి పరిశోధన కొలతలే, రోగుల కోసం ఆసుపత్రి వాళ్ళు వేరే కొలుచుకుంటారు. ఆ సంగతి నాకు నేను చాలాసార్లు చెప్పుకున్నాను.

ఆ కొలతతో తన కంప్యూటర్ లెక్కను పోల్చి పీహెచ్‌డీ చేయాల్సిన అమ్మాయిది మా చోడవరం పక్క ఊరు వడ్డాది. ఆమె లెక్క నా కొలత కన్నా మూడు శాతం ఎక్కువ వచ్చింది. మా పనిలో అది చిన్న తేడా కాదు. అందరూ ఆమెనే అనుమానించారు. నెలల తరబడి మళ్ళీ మళ్ళీ చేసింది. అదే జవాబు.

ఒక శనివారం చోడవరం బస్సులో నా పక్కన కూర్చుని, ఫోన్‌లో లాగ్‌బుక్ ఫోటో చూపించింది.

“గదికీ నీళ్ళకీ ఒకే అంకె ఉంది సార్. పాయింటు తర్వాత కూడా ఒకటే. అలగ వస్తాదా?”

“ఏసీ గదిలో రాదా మరి?”

“తొట్టి ముందురోజే నింపేరా?”

“నువ్వు నాకు వైవా పెడతన్నావేటి?” అన్నాను. ముందు సీట్లో ఎవరో నవ్వారు. ఆమె ఫోన్ సంచిలో పెట్టేసుకుంది.

చోడవరం బస్టాండులో వాళ్ళ నాన్న బండి మీద వచ్చి ఉన్నాడు. “కరెంటు పెట్టే బాబు ఈయనేనా? మా బోరు మోటారుకీ ఓపాలి పెట్టండి బాబూ” అని నవ్వాడు. కూతురు నీళ్ళ సీసా కొనడానికి అటు వెళ్ళగానే గొంతు తగ్గించాడు. “మా గుంటకి లెక్క తప్పిపోతందంటన్నారట. సిన్నప్పట్నుంచీ లెక్కల్లో మా పిల్లే ఫస్టు. ఏటైంది బాబూ? మీరైనా సెప్పండి.”

“చూద్దాంలెండి” అన్నాను.

మరుసటి వారం ముందురోజే తొట్టి నింపి, ఆదివారం ఒక్కణ్ణే పద్ధతిగా కొలిచాను. సరిగ్గా ఆమె చెప్పిన జవాబు వచ్చింది. దాన్ని లాగ్‌బుక్‌లో రాయలేదు. విడి కాగితం మీద రాసి మడిచి జేబులో పెట్టుకున్నాను. నా ఉద్యోగం పర్మనెంటు చేసే ఇంటర్వ్యూ పది రోజుల్లో ఉంది. ఆ కొలత మీదే నా పేరుతో వ్యాసం కూడా వచ్చి ఉంది.

మంగళవారం మీటింగులో మా ప్రొఫెసర్ అడిగారు. “నీ కొలత మళ్ళీ సరిచూశావా?”

“చూశాను సార్. తేడా లేదు.”

ఆమె నా వైపు చూసింది. నేను గోడ గడియారం వైపు చూశాను.

“అయితే నీ లెక్కే చూసుకోవాలమ్మా” అన్నారాయన.

“సరే సార్” అంది.

ఆ ఏడాది చివర్లో ఆమె మానేసింది. చోడవరంలో ఇంటర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పడానికి చేరింది. నా ఉద్యోగం పర్మనెంటైంది. ఇంటికి వచ్చినప్పుడు బజార్లో ఆమె కనిపిస్తే పక్క సందులోకి తిరిగిపోయేవాణ్ణి. అలా ఆరేళ్ళు.

ఈ ఏడు మా విభాగంలో ఒక కొత్త పాఠం పెట్టారు. లెక్క ఎలా తప్పుతుందో చెప్పడానికి ఆమె పనినే ఉదాహరణగా తీసుకుని, చెప్పే బాధ్యత నాకే ఇచ్చారు. బోర్డు మీద ఆమె అంకె రాశాను. ఆ పక్కన ‘తప్పు’ అని రాయలేకపోయాను. క్లాసు వదిలేసి వచ్చి, జరిగినదంతా ప్రొఫెసర్‌కు రాసిచ్చాను. నా వ్యాసం వెనక్కి తీసుకోమని పత్రికకూ రాశాను. విచారణ ఇంకా నడుస్తోంది.

ఆ శనివారం ఆమె కాలేజీకి వెళ్ళి వరండాలో నిలబడి అంతా చెప్పాను. చేతిలో సుద్దముక్కతోనే విన్నది.

“నాకప్పుడే తెలుసు సార్. మీటింగుకి ముందు ఆదివారం మెషిన్ గది తాళాల రిజిస్టర్లో మీ సంతకం చూసేను. లాగ్‌బుక్‌లో మాత్రం ఆ రోజు కొలత లేదు.”

“మరి అడగలేదేం?”

“బస్సులో అడిగేను కదా.”

క్లాసులో పిల్లలు గోల చేస్తుంటే అటు చూసి, మళ్ళీ నా వైపు తిరిగింది.

“నాకెందుకు చెప్తారు? మా నాన్నకి చెప్పండి. కూతురు లెక్క రాక వచ్చీసిందంట కదా అని ఊర్లో ఎవరైనా అంటే, ఈ రోజుకీ తలొంచుకుంటాడు.”

వడ్డాది వెళ్ళేసరికి ఆయన తోటలో చెరకు పడిపోకుండా గడలకు ఆకు చుట్టి కడుతున్నాడు. నన్ను గుర్తుపట్టి, తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ గట్టు మీదికి వచ్చాడు.

“ఏటి బాబూ, ఇలగొచ్చేరు?”

“మీ అమ్మాయి లెక్క తప్పలేదండి. తప్పు నాది. నీళ్ళ వేడి చూడకుండా అంకె రాసీసేను. తెలిసేక కూడా, నా ఉద్యోగం పోతాదని, ప్రొఫెసర్ గారి ముందు అబద్ధం ఆడేను.”

ఆయన తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు.

“ఇన్నేళ్ళు ఏటి సేసేరు మరి?”

“దాక్కున్నానండి. మీ అమ్మాయి చదువు నేనే పాడు చేసేను. మిమ్మల్ని ఊర్లో తలొంచుకునేలా చేసేను. నన్ను క్షమించమని అడగడానికి వచ్చేను.”