తొలి కాపు బొప్పాయి

పండులో డీఎన్‌ఏ చూపిస్తానని తొమ్మిదో తరగతి పిల్లలకు మాటిచ్చాను. గజపతినగరం బజారులో ఒక బొప్పాయి కొనుక్కురావడానికి నాకేం రోగం? బద్ధకం. "పండు ఎవరు తెస్తే ప్రయోగంలో స్పిరిట్ వాళ్లే పొయ్యొచ్చు" అని ఆశ పెట్టాను.

మర్నాడు మా చర్చికే వచ్చే ఒక పిల్ల, ముగ్గిన బొప్పాయి తెచ్చి బల్ల మీద పెట్టింది. అది ఏ చెట్టుదో చూడగానే తెలిసింది. వాళ్ల పెరట్లో చెట్టు మొదటిసారి కాసింది. ఆదివారమేమో కోతల పండుగ. తొలి కాపు చర్చిలో ఇచ్చాకే ఇంట్లో తినడం మా సంఘంలో ఆనవాయితీ.

"అమ్మనడిగావా?"

"అడిగేను మేస్టారూ."

అబద్ధమని ఆ కళ్లే చెబుతున్నాయి. అయినా కత్తి తీశాను. మళ్లీ బజారుకెళ్లే ఓపిక లేదు మరి, మహానుభావుడికి!

గుజ్జు పిసికి, ఉప్పు, గిన్నెలు తోమే సబ్బునీళ్లు కలిపి వడకట్టాం. ఐసులో పెట్టిన స్పిరిట్‌ను ఆ పిల్లే గాజు గొట్టం అంచు వెంట మెల్లగా పోసింది. తెల్లటి డీఎన్‌ఏ పోగులు పైకి తేలాయి.

"ఓలమ్మో! వచ్చీసినాది మేస్టారూ!" అని గెంతింది. ఫోన్లో ఫొటో తీశాను. ఇప్పటికీ ఆ ఫొటో చూడాలంటే నాకు మొహం చెల్లదు.

బడి వదిలే వేళకి వాళ్లమ్మ వచ్చింది, కూతురి జబ్బ పట్టుకుని.

"ఆ పండే కోసి తెమ్మని మీరన్నారంట. మా గుంట సెప్తంది. నిజవేనా మేస్టారూ? మీరన్నారంటే దీన్నింకేటీ అన్ను."

ఒక్క 'అవును' చాలు. పిల్ల నా వంకే చూస్తోంది.

"నాకేం తెలుసమ్మా? నిన్ను అడిగే తెచ్చానని చెప్పింది!" అనేశాను. పిల్ల తల దించేసుకుంది.

ఆదివారం చర్చిలో గుమ్మడికాయలు, వరి వెన్నులు పేర్చిన బల్ల ముందు ఆ పిల్లని నిలబెట్టారు.

"దేవుడికిచ్చే పండు దొంగతనంగా కోసీసేను. అబద్దమాడేను. నన్ను సమించండి" అంది. నా మాట ఎత్తనే లేదు.

"ఒప్పుకోవలసినవాళ్లు ఇంకెవరైనా ఉన్నారా?" అని అడిగారు పాస్టరుగారు.

నేను పాటల పుస్తకం తెరిచి, తర్వాతి పాట వెతుక్కున్నాను.