బల్ల మీద తట్టే ఊరు

ఇస్త్రీ వదినను పలకరించాలంటే ముందు ఆమె ఇస్త్రీ చేసే బల్ల మీద తట్టాలి. ఎవరూ ప్రత్యేకంగా నేర్పకపోయినా ఆ ఊళ్లో పసిపిల్లలకు కూడా తెలిసిన మర్యాద అది. చిన్నతనంలో వచ్చిన జ్వరం ఆమె రెండు చెవులనూ పట్టుకుపోయింది. మాట మాత్రం మిగిలింది. బల్ల మీద ఎవరైనా తడితే ఆ అదురు ఆమె అరచేతికి అందేది. తలెత్తి చూసేది. ఎదురుగా, వెలుతురులో నిలబడి తాపీగా మాట్లాడితే పెదవులు చూసి అంతా గ్రహించేది.

తట్టుడును బట్టే వచ్చినవాళ్లెవరో చెప్పేది కూడా. పాలాయన రెండు వేళ్లతో, పెళ్లిచూపులకు వచ్చినవాడిలా బెరుకుబెరుగ్గా తడతాడు. పక్కకొట్టు టైలరమ్మ అరచేత్తో ఒక్క చరుపు చరుస్తుంది.

ఆ అలవాటు ఊరికి ఎంతగా పట్టుకుందంటే, పాలాయన ఒకసారి పట్నంలో పెద్దాసుపత్రికి వెళ్లి, మందుల కిటికీ చెక్క మీద తట్టి, అక్కడున్న అమ్మాయి ముఖంలోకి చూస్తూ ఒక్కొక్క మాటా సాగదీసి అడిగాడట. "ఏవయ్యా, నేనేమన్నా పసిపిల్లనా?" అని ఆ అమ్మాయి కసిరిందట.

"నీ మూలాన నా పరువు పోయింది వదినా," అన్నాడు తిరిగొచ్చి.

"ఉంటేగా పోవడానికి," అంది ఇస్త్రీ వదిన. తన గొంతు ఎంత పెద్దదో తనకే తెలియదు కనుక ఆ మాట వీధి చివరిదాకా వినపడింది. టైలరమ్మ కుట్టుమిషను ముందు కూర్చున్నచోటి నుంచే అరచెయ్యి కాస్త కిందికి దించి చూపించింది. తగ్గించమని అర్థం. ఇన్నేళ్లలో ఒక్కసారైనా ఆ చెయ్యి విసుగ్గా దిగలేదు.

"దేవుడు దానికి చెవులకు బదులు ఊరినిచ్చాడు," అంటూ ఉండేది టైలరమ్మ.

తాను పనిచేసే నూలుమిల్లు మూసేశారని పెనిమిటి వచ్చి చెప్పినరోజు ఇస్త్రీ వదిన చేతిలో ఎవరిదో తెల్ల చొక్కా ఉంది. పట్నంలో ఒక గోదాము కాపలా దొరికిందని, అద్దెకు మూడో అంతస్తులో గది చూశానని ఆయన అన్నాడు. ఆమె ఇస్త్రీపెట్టెను పక్కకు దించింది.

"వెళ్లకపోతే?"

"తినేదేంటి?"

"నా ఇస్త్రీ ఉందిగా."

"మిల్లే లేకపోయాక మడత చొక్కాలు తొడుక్కునేదెవరే? అక్కడా మనుషులే ఉంటారు."

"ఉంటారు. వాళ్లకి నన్ను పిలవడం రాదు."

"నేర్పుదాం."

"ఇక్కడ ఎవరు నేర్పారు? ఇక్కడ నేను ఇస్త్రీదాన్ని. అక్కడికి పోతే ఏమవుతానో మీకూ తెలుసు."

తెలుసు కనుకనే ఆయన ముఖం తిప్పుకున్నాడు. ఆమె దగ్గర ముఖం తిప్పుకోవడమంటే మాట తెగిపోవడమే. చెవులు పోవడం ఆమెకు కొత్త కాదు. కానీ అప్పుడు ఊహ తెలియని వయసు, జ్వరంలో పడి ఉండగా పోయాయి. ఈసారి కళ్లు తెరుచుకుని, సామాను సర్దుకుని మరీ పోగొట్టుకోవాలి.

సర్దుతున్న రోజుల్లో ఆమెకు మాటిమాటికీ తల్లి పోయిన పొద్దు జ్ఞాపకం వచ్చేది. కబురు ముందు టైలరమ్మకు తెలిసింది. ఆవిడ వచ్చి బల్ల చరవలేదు, మెల్లగా చెయ్యి ఆనించింది. ఇస్త్రీ వదినను భుజం పట్టి వాకిట్లో ఎండలోకి తీసుకొచ్చి, "మీ అమ్మ పోయింది," అని చెప్పింది. అర్థం కానట్టు చూస్తే మళ్లీ చెప్పింది. అప్పటికే ఆవిడ కళ్లు ధారలు కడుతున్నాయి. ఎవరికైనా ఏడుపొస్తే చెయ్యి కొంగుకు పోతుంది, కొంగు నోటికి పోతుంది. ఆవిడ మాత్రం రెండు చేతులూ కిందికి బిగబట్టుకుని, నోరు కప్పుకోకుండా, పెదవులు వణుకుతుంటే వణకనిచ్చి ఆ మాట పూర్తిచేసింది. అంతటి దయ చదువుకుంటే వచ్చేది కాదు. పుట్టించినవాడు పెట్టి పంపించాలి.

బయలుదేరే పొద్దున బల్ల బండిలోకి ఎక్కలేదు. ఎక్కినా మూడో అంతస్తు మెట్లలో తిరగదు. టైలరమ్మ దాన్ని తన కొట్టులో పెట్టుకుంది. సామానుతో పాటు ఇస్త్రీ వదిన బండి వెనకవైపు, ఊరికి ఎదురుగా కూర్చుంది. బండి కదిలినా జనం ఆగిపోలేదు. ముఖాలు కనపడేలా వెంట నడుస్తూ, నోళ్లు పెద్దవిగా చేసి ఒక్కొక్క మాటా విడదీసి చెబుతూనే ఉన్నారు.

"అన్నం వేళకి తిను," అంది టైలరమ్మ.

"నువ్వు లేకపోతే నా చొక్కాలు ముసలివైపోతాయి వదినా," అన్నాడు పాలాయన.

బండి వేగం అందుకుంది. పాలాయన ఆగిపోయాడు. టైలరమ్మ ఒక్కతే ఇంకా నడుస్తూ ఏదో అంటోంది. "రా"తో మొదలైన మాట. ఆ తర్వాతిది అందలేదు. పెదవులు చిన్నవైపోయాయి, ముఖం చిన్నదైపోయింది. మలుపు తిరిగేదాకా ఇస్త్రీ వదిన కళ్లు చికిలించుకుని చూస్తూనే ఉంది.

పట్నంలో మర్నాడు పొద్దున్నే మెట్ల కింద కుళాయి దగ్గర బిందె పెట్టింది. ఉన్నట్టుండి ఎవరో భుజం పట్టి లాగారు. తిరిగి చూస్తే ఒకావిడ, కోపంగా, పెదవులు గబగబా కదిలిపోతున్నాయి. వెనక నుంచి చాలాసేపటిగా పిలుస్తోంది కాబోలు. ఇస్త్రీ వదినకు ఒక్క ముక్కా చిక్కలేదు. పెనిమిటి మెట్లు దిగి పరుగున వచ్చాడు.

"ఆవిడకి వినపడదండీ."

ఇన్నేళ్ల కాపురంలో ఆయన పెదవుల మీద ఆ మాట ఆమె ఎన్నడూ చూడలేదు. అనవలసిన అవసరం ఎక్కడా రాలేదు.

వచ్చినావిడ చెడ్డదేమీ కాదు. అయ్యో అనుకుని గబుక్కున వెనక్కి జరిగింది. చేత్తో సైగచేసి ముందు నువ్వే పట్టుకోమంది. ఆ తర్వాత ఇస్త్రీ వదిన వైపు చూడటం మానేసి, ఆయనకేసి తిరిగి అడిగింది.

"పాపం, ఎప్పట్నుంచండీ?"

ఆయన జవాబు చెప్పడానికి నోరు తెరిచాడు. అందరి పెదవులూ ఆబగా చూసే ఇస్త్రీ వదిన, కళ్లు దించుకుని బిందెలో నిండుతున్న నీళ్లవైపు చూస్తూ ఉండిపోయింది.