బియ్యానికి మంచినీళ్ళు

కాకినాడ రేవు నుంచి, దూరంగా లంగరేసిన ఓడలకు బియ్యం మోసే బార్జిలో నేను పదకొండేళ్ళు పనిచేశాను. సరుకు ఎక్కించే ముందు, బస్తాలు పేర్చే గది కడగడం నా పని. ఉప్పు తగిలితే బియ్యం పాడవుతుందని ట్యాంకర్‌తో మంచినీళ్ళు తెప్పించేవారు. సరుకు తనిఖీ చేసే సర్వేయర్ గారు లోపలికి దిగి, తెల్ల చేతిరుమాలుతో గోడ తుడిచి చూసేవారు. మరక కనబడితే మళ్ళీ కడగాలి.

మేం ఆరుగురం. మాకు మరుగుదొడ్డి లేదు. వెనక అంచున ఓ చెక్క బల్ల, అడ్డంగా గోనెపట్టా, పట్టుకోవడానికి తాడు, అంతే. దానికి మూడడుగుల దూరంలో మా తాగునీళ్ళ పీపా. మూత ఎప్పుడో గాలికి పోయింది. వేరే చోటెక్కడుంది, మిగతాదంతా బియ్యానిదే కదా! ఆ పీపాని రేవు కుళాయి దగ్గరే నింపుకోవాలి. ట్యాంకర్ నీళ్ళు సరుకు నీళ్ళు. నైవేద్యాన్ని ఎంగిలి చెయ్యకూడదన్నట్టు వాటిని ముట్టుకునేవాళ్ళం కాదు. ఈ పద్ధతి ఎవరు పెట్టారో తెలియదు గానీ, పాటించడంలో అందరికంటే నేనే ముందు.

ఆ వేసవిలో ఓసారి కుళాయి రాలేదు. బార్జి నడిపే సరంగుని నేను బాబాయ్ అని పిలిచేవాణ్ణి. "ట్యాంకర్లోంచి ఓ పీపా పట్టరా" అన్నాడాయన.

"సరుకు నీళ్ళు కదా బాబాయ్! సర్వేయర్ గారు చూస్తే ఏమంటారో ఏంటో" అన్నాను.

ఆయనా ఆ పద్ధతిలో ముదిరినవాడే. ఉన్న అర పీపాతో సరిపెట్టుకుందాంలే అని ఊరుకున్నాడు. ట్యాంకర్ నీళ్ళు ఆఖరి చుక్కదాకా గదికే పోశాను. సర్వేయర్ గారు శభాష్ అన్నారు. పొంగిపోయాను.

బియ్యం ఎక్కించుకుని బయల్దేరాక, అలల పోటు ఎక్కువై నాలుగు రోజులు ఓడ పక్కకి చేరలేకపోయాం. వెనక్కి వస్తే మా వంతు పోతుందని ఆఫీసు రమ్మనలేదు. పీపా అడుగున మిగిలిన పాచినీళ్ళే తాగాం. నాలుగో రోజు పొద్దున బాబాయ్‌కి వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. తాడు పట్టుకునే ఓపిక లేక బస్తాల పక్కనే కూలబడ్డాడు. గుక్కెడు నీళ్ళివ్వమన్నాడు. పీపాలో చుక్క లేదు.

బోటు పంపమని ఆఫీసుకి ఫోన్ చేశాను. మేనేజర్ గారు ముందు అడిగింది ఒకటే: "బస్తాల మీద ఏమైనా పడిందా?"

"లేదండి. సరుకు శుభ్రంగా ఉందండి" అన్నాను.

బోటు మధ్యాహ్నానికి వచ్చింది. రేవు చేరకముందే బాబాయ్ పోయాడు. ఆ మేనేజర్ని ఇప్పటికీ తిట్టుకుంటూనే ఉంటాను, అది తేలికే. కానీ ఆ జవాబు చెప్పేటప్పుడు నా గొంతులో కాస్త గర్వం ఉంది. పక్కనే పడున్న బాబాయ్ అది విన్నాడు.