పంక్తిలో ముందు లేచిన పెద్దాయన

నెల్లూరులో ఉండగానే రాజమహేంద్రవరం పూటకూళ్ళమ్మ చేతివంట గురించి గొప్పగా విన్నాను. పడవ దిగి, మండుటెండలో సందులన్నీ తిరిగి, నకనకలాడే కడుపుతో ఎలాగో ఆ ఇల్లు పట్టుకున్నాను. తీరా విస్తరిలో పడింది మాడిన పప్పు, నోట పెట్టలేని ఉప్పు పులుసు. పంక్తిలో అందరూ తలలు వంచుకుని మింగుతున్నారు. వదిలేద్దామంటే ఆవిడేమనుకుంటుందోనని మొహమాటం. ఆవిడేమో, "మొహమాటపడకండి బాబూ," అంటూ మళ్ళీ అదే పప్పు వడ్డిస్తోంది!

ఇంతలో నా పక్కనున్న పెద్దాయన భోజనం ముగిస్తూ ఉత్తరాపోశనం పట్టి లేచారు. పంక్తిలో ఒకరు లేచాక మిగతావాళ్ళు తినకూడదు కదా! బతుకుజీవుడా అని అందరం లేచాం.

"అయ్యో, ఇంకా మజ్జిగైనా పొయ్యలేదు కదండీ పంతులుగారూ!" అందావిడ.

"కడుపు నిండిపోయిందమ్మా," అన్నారాయన.

బయట చేతులు కడుక్కుని ఆయనకు దణ్ణం పెట్టాను. "మా వైపు ఇలా ముందు లేచినవాణ్ణి తిట్టిపోస్తారండీ," అన్నాను.

"ఇక్కడా తిడతారండీ," అన్నారాయన నవ్వుతూ. "ఆ పప్పు తినేకంటే తిట్లు తినడమే నయం కదండీ!"