మోడెంలో దారులన్నీ తెరిచిన రోజు

చంద్రపూర్‌లో మా ఇంటికి బ్రాడ్‌బ్యాండ్ వచ్చిన ఏడాది నేను డిగ్రీ రెండో సంవత్సరంలో ఉన్నాను. బల్లార్‌పూర్‌లో ఉండే మా మేనత్త కొడుకు స్కూటర్ మీద నుంచి పడి కాలు విరగ్గొట్టుకున్నాడు. తొడ దాకా కట్టు వేసి, మూడు నెలలు మంచం దిగొద్దన్నారు. వాళ్లింట్లో కంప్యూటర్‌ను అతని మంచం పక్కకు జరిపారు. కోటలు కట్టి సైన్యాలు నడిపే ఆట ఒకటి మా ఇద్దరి దగ్గరా ఉంది. ఎవరింట్లో వాళ్లం కూర్చుని కలిసి ఆడవచ్చని బావే కనుక్కున్నాడు.

నేను ఆట మొదలుపెడితే అతను వచ్చి చేరాలి. కానీ బయటి నుంచి వచ్చే పిలుపును మా మోడెం లోపలికి రానివ్వదు. ఆ ఆటకు ఒక పోర్టు, అంటే నంబరున్న దారి, ఉంటుంది. మోడెం సెట్టింగుల్లోకి వెళ్లి ఆ నంబరును తెరిచి, అది ఏ కంప్యూటర్‌కు దారి తీయాలో చెప్పాలి. చెప్పాను. బావ వచ్చాడు, గంటన్నర ఆడాం. మర్నాడు రాలేకపోయాడు. ఫోన్ చేశాడు.

"ఏందిరా, నిన్న తెరిచిన దర్వాజా ఇయ్యాల ఎట్ల బందైంది?"

"నాకెర్క లేదు బావా. నంబర్ గట్లనే ఉంది."

"ఈడ పొద్దంత కప్పు చూస్కుంట పన్నరా. జల్ది ఏమన్న చెయ్."

ఆ సెట్టింగుల పేజీలోనే పోర్టులన్నిటినీ ఒకేసారి తెరిచేసే వీలు కూడా ఉంది. అక్కడ టిక్కు పెట్టాను. చాలదేమోనని కంప్యూటర్‌కు కాపలాగా ఉన్న ఫైర్‌వాల్‌ను కూడా ఆపేశాను. బావ వెంటనే చేరాడు. రెండు రోజులు బాగా ఆడాం. మూడో రోజు కంప్యూటర్ ఆన్ చేసిన ఐదు నిమిషాలకే ఆగి, తనంతట తానే మొదలై, మళ్లీ ఆగిపోసాగింది. తెరిచిన దారుల్లో ఏదో ఒక దాని గుండా వైరస్ వచ్చింది.

రిపేరు దుకాణానికి మోసుకెళ్లి, ఎలాగైనా బాగు చేయమన్నాను. సాయంత్రం దుకాణదారు నవ్వుతూ, "సగళ సాఫ్ కేల, భావూ" అన్నాడు. కంప్యూటర్‌లో ఉన్నదంతా తుడిచేశాడట. అప్పుడు గుర్తొచ్చింది, అందులో అక్క ప్రాజెక్టు ఉందని.

అక్క బీఎడ్ చదువుతోంది. ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లలు బడిలో మరాఠీ ఎలా నేర్చుకుంటున్నారన్నది ఆమె ప్రాజెక్టు. విరూర్ అనే ఊళ్లోని బడికి నాలుగుసార్లు వెళ్లి, పిల్లలు చెప్పిన మాటలను చీటీల మీద రాసుకుని, టైపు చేశాక ఆ చీటీలు పారేసింది.

ఇంటికొచ్చి జరిగింది చెప్పాను. అరుస్తుందనుకున్నాను. ఆమె కుర్చీలో కూర్చుంది.

"మొత్తం పోయిందా?"

"మొత్తం."

"నీకు రేపు కాలేజ్ ఉందా?"

"ఉంది."

"పోకు. నా ఎంట విరూర్ రా."

పొద్దున్నే రైలెక్కాం. బడిలో నన్ను వెనక బెంచీ మీద కూర్చోబెట్టి, పిల్లలు చెప్పేది రాయమంది. నాకు తెలుగు రాయడం సరిగా రాదు. వాళ్ల తెలుగు మాటలను మరాఠీ లిపిలో రాసుకున్నాను. రెండు జడల పిల్ల ఒకతి లేచి, "మల్ల ఎందుకొచ్చినవ్ టీచర్? మొన్ననే చెప్పినం కద" అంది.

"మీరు చెప్పింది నేనే పోగొట్టుకున్న. జర మల్ల చెప్పుండ్రి" అంది అక్క.

నా వైపు చూడలేదు. నేను తల వంచుకుని రాస్తూ పోయాను. అలా మూడుసార్లు వెళ్లాం. ఇంట్లో నేను రాసుకొచ్చింది చదివి వినిపిస్తుంటే ఆమె టైపు చేసేది. గడువు రోజే ప్రాజెక్టు ఇచ్చేసింది.

ఆ తర్వాతి ఆదివారం ఆమే మోడెంతో వచ్చిన పుస్తకం పట్టుకుని, డిక్షనరీ పక్కన పెట్టుకుని కూర్చుంది. అసలు సంగతి గంటలో తేలింది. ఆన్ చేసినప్పుడల్లా మోడెం మా కంప్యూటర్‌కు కొత్త అడ్రసు ఇస్తోంది. తెరిచిన పోర్టు మాత్రం పాత అడ్రసునే చూపిస్తోంది. అక్క ఆ అడ్రసు మారకుండా కట్టేసి, ఒక్క పోర్టు తెరిచి, మిగతావన్నీ మూసింది. ఫైర్‌వాల్ మళ్లీ పెట్టింది.

నేను ఆట మొదలుపెట్టగానే బావ చేరాడు.

"నువ్వు లే. ఎట్లుంటదో చూస్త" అంది అక్క.

లేచాను. ఆమె బావ చేతిలో ఓడిపోయింది, కానీ చాలాసేపు నిలబడింది. ఆట అవగానే ఫోన్ మోగింది. నేనే ఎత్తాను.

"ఇయ్యాల మంచిగ ఆడినవ్‌రా" అన్నాడు బావ.

రిసీవర్‌ను అక్కకు ఇచ్చాను.