చోళ్ల మీద బండి

ఏడాదికి ఒక్కసారి ఆఫీసుకి సెలవు పెట్టి, ఎవరికీ చెప్పకుండా బండేసుకుని కొండల్లోకి పోతాను. ఎవరికీ అంటే, మా ఆవిడకి తప్ప. ఆవిడకి చెప్పకపోతే ఇంకేమైనా ఉందా! "యాభై నాలుగేళ్లొచ్చాయి, నడుముకి బెల్టు కట్టుకుని ఈ బైకు యాత్రలేటి?" అంటుంది. ముప్పై ఏళ్లుగా కౌంటరు వెనక కూర్చుని మనుషుల మొహాలు చూసీ చూసీ, ఏడాదికో రోజు మొహాలు కనబడని రోడ్డు కావాలనిపిస్తుంది. అంతకుమించి వేదాంతమేమీ లేదు.

ఆ ఏడు కార్తీకం అయిపోయాక వెళ్లాను. కార్తీకంలో అరకు వైపు తల పెట్టడం నావల్ల కాదు. బస్సుల నిండా పిక్నిక్ జనం, రోడ్డు పొడుగునా పేపరు ప్లేట్లు, వ్యూపాయింటు దగ్గర సెల్ఫీల కోసం తోపులాట. ఆ గోలంతా సద్దుమణిగాక, ఓ రోజు తెల్లారగట్ల వైజాగ్‌లో బయల్దేరి ఎస్.కోట ఘాట్ ఎక్కాను. బంగాళాఖాతంలో అల్పపీడనం ఉందని టీవీలో చెప్పారు. వాళ్లు వారానికొకటి చెబుతూనే ఉంటారు.

అరకు దాటాక ఒడిశా హద్దు వైపు చీలే రోడ్డు ఒకటుంది. ఆ మలుపు దగ్గర టీ కొట్టులో ఆగాను. కొట్టాయన గ్లాసు చేతికిస్తూ, "అటేటి బాబూ ఎల్తన్నారు? నిన్న సాయంత్రం కల్వర్టు కూలిపోనాది. జీపులూ ఆటోలూ అన్నీ ఇటే ఉండిపోనాయి. బైకైతే గెడ్డలోకి దిగి ఎక్కీగలరనుకోండి" అన్నాడు. నాకు పండగే పండగ. ముందు బండి ఉండదు, వెనక హారన్ ఉండదు. రెండో టీ కూడా తాగకుండా బయల్దేరిపోయాను.

కూలిన కల్వర్టు పక్కన గెడ్డ, అంటే కొండవాగు. నీళ్లు చీలమండ దాకానే ఉన్నాయి. రాళ్లు చూసుకుంటూ నిదానంగా దాటేశాను. ఆ తర్వాత రోడ్డు మొత్తం నాదే. కొండవాలుల్లో వలిస పువ్వు పసుపు పచ్చగా విరబూసి ఉంది. సిల్వరోకు చెట్ల కింద కాఫీ తోటలు, పలచగా ఎండ. అంతసేపూ ఒక్క బండి ఎదురు రాలేదు. ఆ సంతోషం ఎలాంటిదంటే, సెలవు రోజు ఫోను మోగకపోతే ఉంటుందే, అలాంటిది.

ఒక మలుపు తిరిగేసరికి రోడ్డు మీద చోళ్లు, అదే రాగులు. ఈ అంచు నుంచి ఆ అంచు దాకా, ఓ వంద గజాల మేర, కోసిన ఎన్నులు పరిచేసి ఉన్నాయి. పక్కన ఓ ముసలామె, ముక్కుకి రెండు వైపులా పుడకలు, చేతిలో పొడుగాటి కర్ర. నేను అన్నం మెతుకు కాలికి తగిలితే కళ్లకద్దుకునే ఇంట్లో పుట్టినవాణ్ణి. తిండిగింజ మీదుగా చక్రం పోనిస్తానా! ఇంజను ఆపాను, దిగాను. రోడ్డు దిగువన బురదలో బండి తోసుకుంటూ పోయాను. రెండు క్వింటాళ్ల బండి. నడుము పట్టేసింది, ఊపిరి అందలేదు.

ముసలామె రెండు చేతులూ ఊపుతూ ఏదో అరిచింది. హెల్మెట్లో ఏమీ వినబడలేదు. నా పెద్దమనిషితనం చూసి దీవిస్తోంది కాబోలనుకున్నాను. "పర్లేదమ్మా, మీ చోళ్లకేం కాదు!" అని అరిచి, ఊరేగింపులో మంత్రిగారిలా నేనూ చెయ్యి ఊపి, బండెక్కి పోయాను. ఆ రోజు నామీద నాకు చాలా మంచి అభిప్రాయం ఏర్పడింది.

రోడ్డు ఆఖర్న ఒక ఊరు. ఊళ్లో పెద్దగా ఎవరూ లేరు. సంత రోజట, కొండ అడ్డదారిన అందరూ చీకట్నే నడిచి పోయారని అరుగు మీద కూర్చున్న ముసలాయన చెప్పాడు. ఊరికి ఉన్న ఒక్క జీపూ నిన్న కిందికి దిగి, ఇంకా రాలేదట. ఎందుకు రాలేదో నాకు తెలుసు. ఆయన అడగలేదు, నేను చెప్పలేదు. మాటలు కలిపితే గంట పోతుంది. ఓ బండరాయి ఎక్కి, మా ఆవిడ కట్టిచ్చిన పులిహోర తిని, వెల్లకిలా పడుకున్నాను. కళ్లు తెరిచేసరికి తూర్పు వైపు ఆకాశం నల్లబడి ఉంది. టీవీవాళ్లు వారానికొకటి చెప్పేది ఇవాళ నిజమయ్యేలా ఉందనుకుని లేచాను.

తిరిగొచ్చేసరికి చోళ్లు అలాగే ఉన్నాయి. ముసలామె ఈసారి పక్కన నిలబడలేదు. రోడ్డు మధ్యకొచ్చి చేతులు బార్లా చాపి నిలబడింది. బ్రేకు వేసి హెల్మెట్ తీయక తప్పలేదు.

"నువ్వే గదా పొద్దున్న బండి తోసుకుంటూ పోనావు?" అంది. "మీంచి పోనీమని సేతులు పడిపోయేలాగ ఊపితే, నువ్వూ సేయి ఊపీసి పోతావేటి బాబూ?"

"మీంచి పోవడమేంటమ్మా, తిండిగింజలు కదా!"

నన్ను ఎగాదిగా చూసింది. "తొక్కకపోతే గింజెలాగ రాల్తాది?"

నా పెద్దమనిషితనం అక్కడే గంగలో కలిసింది. ఆమె చెబుతుంటే ఒక్కొక్కటీ తెలిసింది. రోడ్డు పడ్డాక ఆ ఊళ్లో కళ్లం అలకడం మానేశారు. ఎడ్లున్నవాళ్లు అమ్ముకున్నారు, ఈమెవి చచ్చిపోయాయి. ఎవరి చోళ్లయినా రోడ్డు మీదే పరుస్తారు, వచ్చీపోయే జీపులు తొక్కి నూర్చేస్తాయి. సంత రోజయితే బళ్లు ఎక్కువ తిరుగుతాయని కోడికూత వేళకే పరుచుకుంది. ఒక్క బండీ రాలేదు. ఇంటికొక్కతే మనిషి, సాయానికి ఎవరూ లేరు.

"ఏటయిపోనాయో బళ్లన్నీ" అంది.

"నిన్న కల్వర్టు కూలిపోయిందమ్మా. బళ్లు రావు."

"నీకెప్పుడు తెలిసింది?"

అబద్ధం చెప్పొచ్చు. నోటి దాకా వచ్చింది కూడా. "పొద్దున్నే" అన్నాను.

కర్రతో ఓ ఎన్ను పక్కకి తిరగేసింది. తిట్టి ఉంటే బాగుండేది. పొద్దున్న ఒక్క నిమిషం ఆగి, హెల్మెట్ తీసి ఆ మాట చెప్పి ఉంటే, ఆమె అప్పుడే ఎత్తుకుని మెట్ట మీది ఇంటికి మోసుకునేది. ఇప్పుడు ఎన్నులతో ఎత్తితే వానొచ్చే లోపల సగం కూడా చేర్చలేదు. గింజ రాలితే మాత్రం కుప్పచేసి, ఉన్న ఒక్క బరకంతో కప్పేసుకోవచ్చు.

"తడిస్తే ఏమవుతుంది?" అని అడిగాను.

"మొలకలొచ్చీస్తాయి. నల్లబడిపోతాయి. ఏడాదంతా ఈ అంబలే నాకు. కోటా బియ్యం పడవు, కడుపుబ్బుతాది. ఇత్తనం కూడా ఇందులోనే." ఆకాశం వైపు చూసి, "బేగి తొక్కించు బాబూ" అంది.

మొదటిసారి ఎక్కించినప్పుడు ఒళ్లు జలదరించింది. చక్రాల కింద పటపటమని చప్పుడు. ఆ కొస దాకా పోయాను, తిప్పాను, ఈ కొస దాకా వచ్చాను. మళ్లీ తిప్పాను. జీపయితే నాలుగు చక్రాలు, బరువు. నా బండి ఎంత తొక్కినా ఓ జానెడు వెడల్పు. ఆమె కర్రతో ఎన్నులు తిరగేస్తూ, "ఇటేపు తొక్కనేదు, ఇటు, ఇటు!" అని అరుస్తోంది. ఓసారి చక్రం జారి పక్కకి పడబోయాను. "సూసుకో మరి!" అని నన్నే కసిరింది. ఇరవై సార్లు తిరిగేసరికి నడుము విరిగినంత పనయింది. ఏడాదికొక్క సెలవు, వంద గజాల రోడ్డు మీద గానుగెద్దులా తిరుగుతున్నాను కదా అని ఒళ్లు మండిపోయింది. మధ్యలో ఓ పావుగంట మాత్రం ఆ మంట లేదు. చక్రం వెనక ఎర్రటి గింజ రోడ్డు మీద పోగవుతుంటే నాకూ సంబరంగానే ఉంది. ఆమె చీపురుతో ఊడ్చి కుప్పచేస్తూ ఒకసారి నావైపు చూసి నవ్వింది.

సగం అయ్యేసరికి చినుకు పడింది. ఆమె పైకొండ వైపు చూసింది. అక్కడ వాన తెర దించినట్టు కనబడుతోంది.

"గెడ్డ మీద పడిపోతంది. నువ్వెల్లిపో బాబూ. పొంగిందంటే ఈ రేతిరి ఇటే ఉండిపోవాల."

"ఇంకా సగం ఉంది కదమ్మా."

"ఉంటే ఉంటాది. ఎల్లు."

"ఇంకో పదిసార్లు తిప్పేసి పోతాను" అన్నాను. అంటూనే హెల్మెట్ పెట్టేసుకున్నాను. మర్నాడు ఆఫీసు ఉంది. తడిసిన బట్టలతో ఎవరింట్లోనో పడుకోవడం నాకు సయించదు. ఆమె కుప్ప మీద బరకం కప్పి, అంచుల మీద రాళ్లు పెట్టింది. నావైపు మళ్లీ చూడలేదు. కర్ర ఊతం చేసుకుని, మిగిలిన సగంలోకి దిగి, ఉత్తకాళ్లతో ఎన్నులు తొక్కడం మొదలుపెట్టింది. నేను ఒక్కసారీ తిప్పకుండానే బయల్దేరిపోయాను. మలుపు తిరిగే దాకా అద్దంలో కనబడింది, వంగి, ఒక్కో అడుగూ గట్టిగా అదుముతూ.

గెడ్డ దగ్గరికొచ్చేసరికి వాన జోరందుకుంది. దిగి చూశాను. నీళ్లు పొద్దున్నలాగే చీలమండ దాకానే ఉన్నాయి. ఇంకో గంట ఆగినా హాయిగా దాటేవాణ్ణి. వెనక్కి తిప్పితే ఆమె దగ్గరికి పది నిమిషాల దారి. ఇంజను ఆపకుండా కాసేపు అక్కడే నిలబడ్డాను. తర్వాత దాటేశాను.

"ఆవిడే పొమ్మంది, ఏం చెయ్యను" అని ఇంటికెళ్లాక మా ఆవిడతో చెప్పాను. "పోన్లెండి, చేసినంత చేశారు" అంది. ఆ ముసలామె పొమ్మనకపోయినా, ఏదో వంక చూసుకుని వచ్చేసేవాణ్ణే. ఆ ముక్క మా ఆవిడకి ఇప్పటికీ చెప్పలేదు.